కొసరు

హాల్లో సముద్రం పెట్టింది భర్త, దానికి నీళ్ళు మోసేది భార్య. ఇల్లు మొత్తం అలాగే నడుస్తోంది కనుక అది ఎవరికీ వింతగా తోచలేదు. ఆమె పొద్దున ఐదింటికి లేచేది. పాలు పొయ్యి మీద పెట్టడానికి ముందే హాల్లోకి వచ్చి, నాలుగడుగుల చేపల గాజు ట్యాంకు ముందు వంగి, మూలన నెయిల్ పాలిష్‌తో తనే గీసుకున్న ఎర్ర గీత చూసేది. తెల్లారేసరికి నీళ్ళు వేలెడు దిగి ఉండేవి. క్యానులోంచి చెంబుతో తీసి, అడుగున ఇసుక లేవకుండా కొంచెం కొంచెంగా పోసేది. పోయాల్సింది మంచినీళ్ళే, ఉప్పునీళ్ళు కాదు. ఆవిరయ్యేది నీళ్ళు గాని ఉప్పు కాదు. అది ఎక్కడికీ పోదు, ఉన్నచోటే ఉండి ఘాటెక్కుతుంది. ఈ సంగతి తెలియక భర్త మొదటి నెలంతా నీళ్ళు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళే పోశాడు. మొదటిసారి కొన్న నాలుగు నత్తలూ చచ్చాయి. "షాపువాడు ఎందుకూ పనికిరాని సరుకు అంటగట్టాడు," అన్నాడు. ఎందుకు చచ్చాయో ఆమె చదివి తెలుసుకుని చెబితే, "అదే నేనూ అనుకుంటున్నా," అన్నాడు. ఆ మర్నాటి నుంచీ చెంబు ఆమె చేతికి వచ్చింది.

ట్యాంకు వచ్చి మూడేళ్ళయింది. మూతపడుతున్న చేపల షాపులో, ఒక పక్క అద్దం మీద గీత పడిందని చవగ్గా వదిలించుకున్నారు. గీత పడిన పక్కను గోడకు తిప్పి పెట్టి, "ఇంకొకళ్ళయితే ఆస్తులమ్ముకోవాలి, మనం జేబు ఖర్చుతో పెట్టాం సముద్రాన్ని," అని భర్త ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. అంత తక్కువలో ఎలా అయిందో మాత్రం చెప్పేవాడు కాదు, బహుశా అతనికీ తెలియదు. తగ్గిన నీళ్ళు దానంతటదే నింపే మిషను ఒకటుంటుంది. ఖరీదని కొనలేదు, ఆమె ఉంది కదా. పగడాలకు కావలసిన సున్నమూ సోడానూ చుక్కలు చుక్కలుగా కలిపే పంపు ఉంటుంది. అదీ కొనలేదు. నీటిని వడకట్టే ఫిల్టరు బదులు, రెండు వీధుల అవతలి నీళ్ళ ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను నడుముకు ఆన్చుకుని మూడో అంతస్తుకి ఆమే ఎక్కించేది. శనివారం సాయంత్రం బకెట్టులో ఉప్పు కలిపి, ఆదివారం పొద్దున పాత నీళ్ళు పైపుతో తోడి, కొత్తవి నింపేది. పైపులో నీళ్ళు దిగడానికి నోటితో లాగితే ఒక్కోసారి గుక్కెడు లోపలికి పోయేది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఇంతకంటే చేదువి చాలానే మింగింది గనక అదేం పెద్ద లెక్కలోకి రాలేదు.

ఆమె ఉద్యోగం రక్తపరీక్షల ల్యాబులో. చుక్కలు వేసి రంగు మారేది కనిపెట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ల్యాబులో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా నిలబడి ఆమె రాసిన రిపోర్టుల కింద సంతకం మాత్రం, పదకొండింటికి వచ్చి పన్నెండింటికి పోయే డాక్టరుగారిది. "ఈ డాక్టరు చూస్తే తప్పు పోదండీ," అని జనం ఆమె ఎదురుగానే చెప్పుకునేవారు. ఇంట్లో ట్యాంకు చూసినవాళ్ళు కూడా అంతే. "మీ హస్తవాసి మంచిదండీ," అని భర్తను మెచ్చుకునేవారు. అతను చేతులు కట్టుకుని, "ఏదో, ఓపిక ఉండాలండీ," అనేవాడు. ఆ చేతులు ఆ నీళ్ళలో తడిసి ఎన్నాళ్ళయిందో ఆమెకు తెలుసు. అయినా ఎప్పుడూ బాధపడలేదు. నిజంగానే పడలేదు. ఎందుకంటే అప్పటికి ఆమెకు కొసరు ఉంది.

ఒకసారి ట్యాంకులోకి రాళ్ళు కొన్నప్పుడు షాపువాడు కవరులో బొటనవేలంత పగడం ముక్క పడేసి, "ఇది కొసరు, బతికితే మీ అదృష్టం," అన్నాడు. మాసిపోయిన ఊదారంగు తోలుముక్కలా ఉంది. పగడమంటే మెడలో వేసుకునేదే అనుకునే అత్తగారు దాన్ని చూసి, "ఎలక కొరికిన చెప్పులా ఉంది, దీనికా డబ్బులిచ్చారు?" అంది. "ఊరికే వచ్చింది లేమ్మా, పారేస్తుంది," అన్నాడు భర్త. ఆమె పారెయ్యలేదు. అడుగున ఉన్న పెద్ద రాయికి జిగురుతో అంటించింది. నలభై రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఒకరోజు పొద్దున ట్యాంకు దీపం వేసిన పది నిమిషాలకు ఒక్క పువ్వు విచ్చింది. ఆకుపచ్చది, కందిగింజంత, లెక్కపెడితే ఎనిమిది రేకులు. పువ్వు కాదు, ప్రాణి. నోరు తెరిచి నీళ్ళను తాకి చూస్తోంది. ఆమె అక్కడే కూలబడిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి బండంతా పారాయి. "ఏ లోకంలో ఉంటావమ్మాయ్?" అని అత్తగారు కేకలేసింది.

ఏడాదికి అది అరచేతంత అయింది, మూడో ఏటికి పెద్ద రాయినంతా కప్పేసింది. దీపం వెయ్యగానే ఊదారంగు దుప్పటి మీద వందలకొద్దీ పచ్చటి నోళ్ళు ఒకదాని తరువాత ఒకటి తెరుచుకునేవి. ఐదు నుంచి ఐదు నలభై దాకా ఆమె దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. ఆ ఇంట్లో ఆమె చేసిన ప్రతి పనీ సాయంత్రానికి మాయమైపోయేది. అన్నం తినేస్తారు, కడిగిన గిన్నె మళ్ళీ సింకులో పడుతుంది, మడతపెట్టిన చొక్కా మాసి తిరిగొస్తుంది, పొద్దున సర్దిన కూతురి డబ్బా సాయంత్రానికి జిడ్డోడుతూ వస్తుంది. చేసింది చేసినట్టే నిలిచి, మర్నాటికి రవ్వంత పెరిగి, "ఇదిగో, నువ్వు చేసిందే," అని చూపించింది ఆ కొసరొక్కటే. జీతం లేని చాకిరీల్లో ఆమె కావాలని చేసినది కూడా అదొక్కటే. ఆ నలభై నిమిషాల కోసమే మిగతా ఇరవైమూడు గంటల ఇరవై నిమిషాలూ భరించేది అంటే నమ్మేవాళ్ళు లేరు, ఆమె ఎవరితోనూ అనలేదు.

ఇలాంటి ట్యాంకులు పెట్టుకున్నవాళ్ళకు ఒక గ్రూపుంది. భర్త అందులో మొనగాడు. ఫోటోలు పెట్టి మెప్పులు పోగేసేవాడు. ఒక ఆదివారం ఆ గ్రూపు నుంచి నలుగురు ట్యాంకు చూడటానికి వచ్చారు. వాళ్ళలో పెద్ద ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు, ముప్పై ఏళ్ళుగా పగడాలు పెంచుతున్న మనిషి. ఆయన కళ్ళజోడు పైకెత్తి కొసరును చాలాసేపు చూసి, "ఇంత సమంగా పెరిగిందంటే మీ నీళ్ళలో ఆల్కలినిటీ, అదే, క్షారగుణం ఊగడం లేదన్నమాట. ఎలా నిలబెడుతున్నారు?" అని అడిగాడు. "ఏముంది మాస్టారూ, వారానికోసారి పౌడరు కొంచెం కొట్టిస్తాం," అన్నాడు భర్త. ఆయన నుదురు ముడివేశాడు. "వారానికోసారి వేస్తే ఊగిపోతుందే?" అప్పుడు ఆమె టీ గ్లాసుల పళ్ళెంతో అక్కడే ఉంది. నోరు జారిందని తరువాత భర్త అన్నాడు గాని, జారింది నోరు కాదు. మూడేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న ఎవరో అడిగారు, జవాబు దానంతటదే లేచి నిలబడింది.

"వారానికి కాదండీ, రోజూ. పొద్దున దీపం వెయ్యకముందు, రెండు చెంచాలు. మామూలు వంటసోడానే మూకుట్లో గంటసేపు వేయించి నీళ్ళలో కలిపి ఉంచుతాను. బయట కొనే పౌడరు ఖరీదు కదండీ."

మాస్టారు ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. "వేయిస్తే ఏమవుతుందో తెలుసా అమ్మా?"

"ఘాటు పెరుగుతుందండీ. తక్కువతో సరిపోతుంది. కాకపోతే ఒక్కసారే పోస్తే నీళ్ళు పాలలా విరుగుతాయి, అందుకే నీళ్ళు తిప్పే పంపు ఎదురుగా చుక్కలు చుక్కలుగా వదులుతాను."

వచ్చినవాళ్ళలో ఒకడు తొడ చరిచి నవ్వాడు. "అయితే అసలు ఓనరు వదినగారన్నమాట! అన్నయ్య ఉత్త వాచ్‌మనే!" అందరూ నవ్వారు. భర్త కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు. ఆఫీసులో ప్రమోషను పక్కవాడికి వచ్చిన రోజు కూడా అలాగే నవ్వుతూ వచ్చి, కూర బాగాలేదని కంచం నెట్టేశాడు.

వాళ్ళు మెట్లు దిగిన చప్పుడు ఆగాక తలుపు వేసి వచ్చాడు. "నలుగురిలో నన్ను వెధవని చేశావు," అన్నాడు. గట్టిగా అనలేదు. "మంచిది. ఇక నుంచి దాని జోలికి రాకు. నా ట్యాంకు నేనే చూసుకుంటా. నువ్వు నీ వంటసోడా వంటింట్లో వాడుకో." అత్తగారు గ్లాసులు అందిస్తూ, "పోనీలే, నీకే ఒక పని తగ్గింది," అని ఓదార్చింది. ఓదార్పే, వెటకారం కాదు. పని తగ్గితే మనిషి సంతోషించాలి. ఆమె ఆ గ్లాసులు కడుగుతూ ఏడ్చింది. పక్కన కుళాయి చప్పుడుంటుంది కాబట్టి ఆ ఇంట్లో ఏడవడానికి సింకే అనువైన చోటు.

తరువాత రోజుల్లో కూడా ఐదింటికే మెలకువ వచ్చేది. హాల్లోకి వెళ్ళి గీత చూసేది, చెంబు ముట్టుకునేది కాదు. భర్త మూడు రోజులు పోశాడు, నాలుగో రోజు మరిచిపోయాడు, ఆరో రోజు ఒకేసారి బకెట్టు దిమ్మరించాడు. కొసరు అంచుల్లో పువ్వులు విచ్చడం మానేశాయి. ఆమె చెబితే, "కొత్త చెయ్యి కదా, అలవాటు పడుతుంది," అన్నాడు. ఆ మాటకు ఆమెకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఆ వారాంతంలో అతను నీలంరంగు చేపను తెచ్చాడు. గ్రూపులో ఎవరి దగ్గరా లేనిదట. కొత్త చేపను నెల రోజులు విడిగా ఉంచి, జబ్బు లేదని తేల్చుకున్నాకే ట్యాంకులో వదలాలి. అతను సాయంత్రమే వదిలేసి ఫోటో పెట్టాడు. పది రోజులకు చేప ఒంటి మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు లేచాయి. అది రాయికేసి ఒళ్ళు రాసుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు సాయంత్రం ఆమె ల్యాబు నుంచి వచ్చేసరికి టేబుల్ మీద మందు సీసా ఉంది. చెప్పులు విప్పకుండానే లేబుల్ చదివింది. కాపర్ సల్ఫేట్.

"ఏవండీ, ఇందులో రాగి ఉంది," అంది. "చేపకు మంచిదే. కానీ ట్యాంకులో వెయ్యకూడదు. చేపను బకెట్టులోకి తీసి అందులో వెయ్యాలి. రాగి పడితే పగడాలు, రొయ్యలు, నత్తలు ఏవీ మిగలవు. రాళ్ళు కూడా పీల్చేసుకుంటాయి."

"షాపువాడు చెప్పే ఇచ్చాడు. వాడికంటే నీకెక్కువ తెలుసా?"

"సీసా మీదే రాసుందండీ, ఇటు చూడండి."

"నలుగురి ముందు ఒక్క మాట మాట్లాడేసరికి నీకు కొమ్ములొచ్చాయే. నాకు తెలుసు. వదిలెయ్."

మర్నాడు పొద్దున ల్యాబుకు బయల్దేరుతూ ఆమె ఆ సీసాను చేతిలోకి తీసుకుంది. అతను స్నానానికి వెళ్ళాడు. హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసే ఉంది. సీసా అందులో పడేసుకుంటే అయిపోయేది. కనిపించకపోతే ఇల్లంతా వెతుకుతాడు, సాయంత్రం అడుగుతాడు, అరుస్తాడు, అత్తగారు కొడుకును సముదాయిస్తుంది, కూతురు గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. ఇంత చిన్నదానికి ఇంట్లో గొడవెందుకు అనుకుంది. పద్నాలుగేళ్ళుగా ఆమె ఆ ఒక్క వాక్యంతోనే కాపురం చేసింది. జీతం అతని ఖాతాలో వేయించినప్పుడూ అదే, ల్యాబువాళ్ళు పంపుతామన్న ఆర్నెల్ల ట్రైనింగు వదులుకున్నప్పుడూ అదే. సీసా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు ఎన్ని రక్తాలు చూసిందో, ఏం రాసిందో ఆమెకు గుర్తులేదు.

సాయంత్రం వచ్చేసరికి రొయ్య వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. నత్తలు అద్దం మీంచి రాలి ఇసుకలో పడి ఉన్నాయి. కొసరు మీద ఒక్క నోరు కూడా తెరిచి లేదు. ఆమె బకెట్టుకోసం పరిగెత్తింది. "నీళ్ళు ముట్టుకోకు," అన్నాడు భర్త అడ్డం వచ్చి. "మూడు రోజులు నీళ్ళు మార్చొద్దని రాసుంది. మందు పలచనైతే చేప చస్తుంది." మర్నాడు పొద్దున అతను లేవకముందే ఆమె రెండు బకెట్లు తోడి, ఇంట్లో ఉన్న ఉప్పంతా కలిపి కొత్తనీళ్ళు పోసింది. గీత చూడటం రానివాడు ఆ రోజే తడిసిన గచ్చు చూశాడు. "డోసు తగ్గించావా?" అని సీసాలో మిగిలింది కూడా వంచేశాడు. అంటే ఆమె కాపాడబోతే దానికి రెండింతలు పడింది. కత్తితో రాయి అంచు నుంచి ఒక చిన్న ముక్క కోసి, శుభ్రమైన నీళ్ళ గిన్నెలో వేసి చూసింది. అది అప్పటికే తాగాల్సింది తాగేసింది, మర్నాటికి కరిగిపోయి నీళ్ళను మురికి చేసింది. పెద్ద రాయి మీద మాత్రం నాలుగు రోజులు పట్టింది. ఊదారంగు బూడిదరంగయింది, తరువాత పొరలు పొరలుగా ఊడి పంపు ముందు తేలింది. అన్ని ప్రాణాలు ఒక్కసారి కుళ్ళేసరికి నీళ్ళు విషమై, ఎవరికోసం మందు వేశారో ఆ నీలం చేప కూడా శనివారం మధ్యాహ్నం పైకి తేలింది. ఆమె రోజూ ఐదింటికి లేచి పీట వేసుకుని చూస్తూనే ఉంది. చావు ఒక్కర్తే చూడాల్సి రావడం ఎంత ఘోరమో, అది ఏడవడానికి అనుమతి లేని చావైతే మరీ ఎంత ఘోరమో అప్పుడు తెలిసింది. "చేపలకోసం ఎవరైనా ఇలా అయిపోతారా?" అంది అత్తగారు.

ఆదివారం పొద్దున అదే అత్తగారు ముక్కు మూసుకుని, "కంపు భరించలేకపోతున్నాను, ముందా తొట్టి ఖాళీ చెయ్ అమ్మాయ్," అంది. దాని జోలికి రావద్దన్న మాట, కంపు మొదలయ్యేసరికి ఎవరికీ గుర్తులేదు. ఆమె మోచేతుల దాకా లోపల పెట్టి ఒక్కొక్క రాయీ తీసి బకెట్టులో వెయ్యసాగింది. మూడు తీసింది. బాల్కనీలో భర్త ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"మొత్తం పోయింది మాస్టారూ. ఏముంది, మా ఆవిడ ఏదో మందు పోసేసింది, రాగి ఉందని చూసుకోలేదు. నాకు ఆఫీసుతోనే సరిపోతుంది, నేనెక్కడ చూస్తానండీ? మొదట్నుంచీ ట్యాంకు తనదే, అంతా తనే చేసేది."

ఆమె నాలుగో రాయి చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. మూడేళ్ళలో ఆ ట్యాంకు ఆమెదని అతను ఇంకొకరితో చెప్పడం అదే మొదటిసారి.

మాస్టారు ఆమెతో మాట్లాడతానన్నాడట. భర్త ఫోను అరచేత్తో మూసి తెచ్చాడు. "ఊ అనెయ్, చాలు. గ్రూపులో నా పరువుంటుంది," అన్నాడు మెల్లగా, బతిమాలుతున్నట్టే. ఆమె రాయి బకెట్టులో వేసి తడిచేత్తోనే ఫోను అందుకుంది.

"దిగులు పడకమ్మా," అన్నాడు మాస్టారు. "కొత్తలో నేనూ ఆ పని చేసినవాణ్ణే. ఆ రాళ్ళు ఇక పనికిరావు, పారేయండి. కొత్తవి పెట్టాక చెప్పు, నా దగ్గర నుంచి నాలుగు ముక్కలు పంపిస్తా. నీలాంటి చెయ్యి పడితే ఏడాదిలో నిండిపోతుంది."

నీలాంటి చెయ్యి. భర్త కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి.

"మందు వేసింది నేను కాదండీ, మాస్టారూ," అంది. "అందులో రాగి ఉందని ముందురోజే చెప్పాను."

భర్త తల తిప్పుకున్నాడు. అవతల సన్నగా దగ్గు వినిపించింది. "పోనీలేమ్మా. ఎవరు వేస్తే ఏముంది ఇప్పుడు. సంసారమన్నాక సర్దుకుపోవాలి. ఇంతకీ ముక్కలెప్పుడు పంపమంటావు?"

నోరు విప్పలేకపోవడమే తన ఖర్మ అని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు విప్పింది. విన్నవాడు మంచివాడు, తెలిసినవాడు, ఆమె చేతి విలువ గుర్తించిన ఒకే ఒక్క మనిషి. ఆయనకు కూడా అది పక్కకు నెట్టేసి తరువాతి మాటకు పోవడానికి ఒక దగ్గు చాలింది. సీసా హ్యాండ్‌బ్యాగులో వేసుకోని రోజు కంటే, కొసరు ఊడి తేలిన రోజు కంటే, ఆ నిమిషమే ఆమెకు ఎక్కువ భయమేసింది.

"పంపకండి," అంది.

"అదేమిటమ్మా?"

"ఇక్కడ పెంచేవాళ్ళు లేరండీ."

ఫోను భర్త చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుంది. కుళాయి కట్టేసింది. భర్త గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"లోపల ఇంకా పదకొండు రాళ్ళున్నాయి," అన్నాడు.

"ఉంటాయి," అంది ఆమె, తువ్వాలుతో ఒక్కొక్క వేలే తుడుచుకుంటూ.